రిటైరైన యుద్ధనౌకని ముంచాలా, కొయ్యాలా, దాచుకోవాలా: ఏ ఓడకి ఏది సరిపోతుంది

ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అంటారు కదా, యుద్ధనౌక దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క అస్సలు కుదరదు. మన విమానవాహక నౌక విరాట్ 2020 లో 38.54 కోట్లకి తుక్కు కింద అమ్ముడుపోయింది, అమెరికా వాళ్ళ కిట్టీ హాక్ దానికి దాదాపు మూడింతల బరువున్న విమానవాహక నౌక, అది 2021 లో ఎంతకి పోయిందంటే ఒక్క సెంటుకి. సెంటు అంటే అప్పటి లెక్కలో మన ముప్పావలా. అంత ఇనుము ముప్పావలాకి ఎందుకిచ్చారంటే, లోపలున్న ఆస్బెస్టాస్, పాత కేబుళ్ళలో విషాలు అన్నీ అక్కడి రూల్స్ ప్రకారం తీసి ముక్కలు కొయ్యటానికయ్యే ఖర్చు ముందు ఆ ఇనుము ధర పెద్దగా మిగలదు కాబట్టి.

నేను పుట్టి పెరిగింది విశాఖలో, మా మేనమామ డాక్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాడు, అందుకని ఇంట్లో ఓడల మాట ఎప్పుడూ ఉండేది. ఇక్కడ ఏ ఓడ డీకమిషన్ అయినా, అంటే నేవీ సర్వీసు నుంచి తప్పించినా, ఒకటే వాదన మొదలవుతుంది, మ్యూజియం చెయ్యొచ్చు కదా అని ఒకరు, తుక్కుకి అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి కదా అని ఇంకొకరు, ఈ మధ్య క్షిపణి తగిలి ఓడ మునిగే వీడియోలు అందరి ఫోన్లలోకి వచ్చాక అంత మంచి ఓడని ఊరికే ముంచేస్తారేంటి అని మరొకరు. అందరూ మనసులో ఉన్నదే అంటున్నారు, కాకపోతే ఓడని బట్టి జవాబు మారుతుంది. ఏ ఓడకి ఏ దారి సరిపోతుందో నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు ముంచటం సంగతి, ఎక్కువ అపార్థాలు ఉన్నది దీని మీదే. నేవీల్లో దీన్ని సింకెక్స్ అంటారు. డీకమిషన్ చేసిన ఓడని ఖాళీ చేసి టగ్ కట్టి నడిసముద్రంలోకి లాక్కెళ్ళి, నిజం క్షిపణులు, బాంబులు, టార్పెడోలతో కొట్టి ముంచుతారు. రెండేళ్ళకోసారి హవాయి దగ్గర జరిగే రింప్యాక్ విన్యాసాల్లో ఇది మామూలే. 2024 జులై 11న డుబ్యూక్ అనే ఓడని, 19న తరావా అనే పెద్ద ఓడని ముంచారు. తరావా పొడవు 820 అడుగులు, బరువు దాదాపు 39,000 టన్నులు. కవాయి దీవికి ఉత్తరంగా 50 నాటికల్ మైళ్ళ అవతల, 15,000 అడుగుల లోతున్న చోట. ఆ ఏడు రింప్యాక్‌కి మన తూర్పు నౌకాదళం నుంచి ఐఎన్‌ఎస్ శివాలిక్ కూడా వెళ్ళింది.

మన దగ్గరా జరుగుతోంది. 2020 అక్టోబర్‌లో ఐఎన్‌ఎస్ ప్రబల్ వదిలిన క్షిపణి పాత ఓడకి తగిలి అది మునిగిపోయే వీడియోని మన నేవీ వాళ్ళే బయటపెట్టారు. 2022 ఏప్రిల్ 19న తూర్పు తీరంలో సుఖోయ్ విమానం నుంచి బ్రహ్మోస్ వేశారు, టార్గెట్ మన నేవీ పాత ఓడే, నేరుగా తగిలింది.

ఇంత డబ్బూ ఓడా తగలేసి ఏం నేర్చుకుంటారు అంటే, ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి.

2016 రింప్యాక్‌లో థాక్ అనే ఫ్రిగేట్‌ని పెట్టారు. మరీ పెద్దది కాదు, నాలుగు వేల టన్నులు. దాని మీద హార్పూన్ క్షిపణులు పడ్డాయి, హెల్‌ఫైర్లు పడ్డాయి, విమానాల నుంచి బాంబులు పడ్డాయి, టార్పెడో కూడా తగిలింది, అయినా మునగటానికి 12 గంటల పైనే పట్టింది. ఆ వీడియో చూసి చాలామంది ఓహో ఆ తరగతి ఓడలు అంత గట్టివా అనుకున్నారు. ఇక్కడే తప్పు లెక్క వేస్తాం. సింకెక్స్ ఓడలో ఇంధనం ఉండదు, మందుగుండు ఉండదు, పరుపులు, బట్టలు, కాగితాలు ఏమీ ఉండవు, తలుపులన్నీ బిగించేసి ఉంటాయి. అంటే కాలటానికి ఏమీ లేని ఖాళీ ఇనప డబ్బా. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ షెఫీల్డ్‌కి తగిలింది ఎక్సోసెట్ అనే క్షిపణి ఒక్కటే, మంటలు ఆపలేక ఓడ వదిలేశారు, ఆరు రోజులకి లాక్కెళ్తుంటే మునిగింది. 2022 లో రష్యా మాస్క్వా కూడా రెండు క్షిపణులకే పోయింది. రెండో వైపు ఇంకో ఉదాహరణ, 1987 లో స్టార్క్ అనే ఓడ, థాక్ తరగతిదే, రెండు ఎక్సోసెట్లు తిని 37 మందిని పోగొట్టుకుని కూడా తేలుతూ ఒడ్డుకి చేరింది, ఎందుకంటే లోపలున్న మనుషులు రాత్రంతా మంటలతో నీళ్ళతో కొట్లాడారు. కాబట్టి ఖాళీ ఓడ ఎంతసేపు తేలింది అన్నది ఆ ఓడ గట్టిదనానికి సర్టిఫికెట్ కాదు. ఏ ఆయుధం ఎక్కడ తగిలితే ఉక్కు ఎలా చీలుతుంది, అడ్డగోడలు ఎంతవరకు ఆపుతాయి, గురి చూసే యంత్రం అసలు ఓడని నిజం అలల మధ్య ఎలా పట్టుకుంటుంది, ఇవి తెలుస్తాయి. కంప్యూటర్ లెక్కలు సరిచూసుకోటానికి ఇంతకంటే మంచి దారి లేదు.

టార్పెడో సంగతి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1999 జూన్ 14న ఆస్ట్రేలియా వాళ్ళ ఫార్న్‌కోంబ్ అనే సబ్‌మెరైన్ వాళ్ళదే పాత ఓడ టోరెన్స్‌ని ఒకే ఒక్క మార్క్ 48 టార్పెడోతో కొట్టింది. ఆ ఫొటోలు చూసి ఉంటారు, ఓడ నడుము కింద నుంచి నీటి కొండ లేచి ఓడ రెండుగా విరిగిపోతుంది. ఆ టార్పెడో ఓడని గుద్దదు. కీల్, అంటే ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నెముక, దానికి కొంచెం దిగువన పేలుతుంది. పేలగానే పుట్టిన గ్యాస్ బుడగ ఓడ నడుముని పైకి లేపుతుంది, మరుక్షణం ఆ బుడగ కూలిపోయి కింద నీళ్ళు లేని ఖాళీ ఏర్పడుతుంది, వేల టన్నుల ఓడ రెండు చివర్లా నీటి మీద ఆని నడుము గాల్లో వేలాడినట్టు అయిపోతుంది. ఎండుకట్టెని మోకాలికి ఆనించి విరిచినట్టు విరిగిపోతుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ ఒక్క ఫొటో చెప్పినంత చెప్పదు.

2024 లో తరావా మీద అమెరికా బీ-2 బాంబర్ క్విక్‌సింక్ అనే గైడెడ్ బాంబు వేసింది కూడా ఇలాంటి ప్రశ్న కోసమే. టార్పెడో ఖరీదైంది, వెయ్యాలంటే సాధారణంగా సబ్‌మెరైనో ఓడో అక్కడిదాకా వెళ్ళాలి. మామూలు బాంబుకి గురి చూసే తల బిగించి విమానం నుంచి వేస్తే అదే పని తక్కువ ఖర్చుతో అవుతుందా అన్నది ప్రశ్న, దానికి జవాబు కావాలంటే నిజం ఓడే కావాలి.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ 2005 లో అమెరికా అనే పేరున్న విమానవాహక నౌక. వెయ్యి అడుగుల పైన పొడవు. దాదాపు నాలుగు వారాల పాటు దాని మీద, దాని చుట్టూ, నీటి కింద పేలుళ్ళు చేసి కొలతలు తీసుకుని చివరికి మే 14న వాళ్ళే ముంచేశారు, తర్వాత కట్టబోయే నౌకల డిజైన్‌కి ఆ కొలతలు కావాలన్నారు. ఫలితాలు రహస్యం. ఆ ఓడలో పనిచేసినవాళ్ళు చాలామంది వద్దని మొత్తుకున్నారు, మ్యూజియం చెయ్యమని అడిగారు, కుదరలేదు, ముంచేముందు ఫిలడెల్ఫియాలో ఓడ దగ్గరే వీడ్కోలు సభ పెట్టుకున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, అయినా నా లెక్కలో ఇది సరైన నిర్ణయమే. అంత పెద్ద ఓడని పరీక్షించే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం, రేపు వేలమంది పిల్లలు అలాంటి ఓడలో వెళ్తారు.

ఇక చెడ్డ వైపు. అమెరికాలో రూల్ ఏంటంటే తీరానికి కనీసం 50 నాటికల్ మైళ్ళ దూరం, కనీసం 6,000 అడుగుల లోతు ఉండాలి, ముంచేముందు ఇంధనం, నూనెలు, పాదరసం, తేలే చెత్త, ద్రవరూపంలో ఉన్న పీసీబీలు తీసెయ్యాలి. పీసీబీ అంటే పాత రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్లలో, కేబుళ్ళ తొడుగుల్లో, గ్యాస్కెట్లలో, పెయింట్లలో వాడిన రసాయనం, ఒకసారి నీళ్ళలో కలిస్తే ఏళ్ళ తరబడి విరగదు, చిన్న చేప నుంచి పెద్ద చేపకి, అక్కణ్ణుంచి మనిషికి ఎక్కుతుంది. ద్రవం తీసేస్తారు సరే, కేబుళ్ళ తొడుగుల్లో ఇంకిపోయింది మాత్రం చాలావరకు ఓడతోనే కిందకి పోతుంది. ఇదే పాయింట్ మీద 2011 లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్, సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంఘాలు కలిసి అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ మీద కోర్టుకెళ్ళాయి. 15,000 అడుగుల కింద ఏం జరుగుతోందో ఎవరు దిగి చూస్తారు చెప్పండి. దానికి తోడు రాగి, అల్యూమినియం, మంచి ఉక్కు అన్నీ పోయినట్టే.

లాక్కెళ్ళటం కూడా చిన్న పని కాదు. 2025 మే 5న ఫిలిప్పీన్స్ వాళ్ళు బాలికాతాన్ విన్యాసాల్లో టార్గెట్‌గా పెడదామని మిగెల్ మల్వార్ అనే రెండో ప్రపంచయుద్ధం నాటి ఓడని తీసుకెళ్తుంటే, ఒక్క గుండు పేలకముందే నీళ్ళెక్కి జాంబాలెస్ తీరానికి ముప్పై మైళ్ళలో మునిగిపోయింది. పాత హల్‌ని, అంటే ఓడ బయటి ఇనప ఒంటిని, నమ్మి సముద్రంలోకి తీసుకెళ్తే ఇలాంటివి అవుతాయి, మునగాల్సిన చోట కాకుండా మునిగింది కాబట్టి లోతు రూలు, దూరం రూలు ఏం పెట్టుకున్నా లాభం లేకపోయింది.

నిజం ఓడ లేకుండా నేర్చుకునే దారులు లేవా అంటే ఉన్నాయి. గన్నర్లకి గురి ప్రాక్టీసు కావాలంటే లాక్కెళ్ళే బార్జి చాలు, గాలి నింపిన టార్గెట్ చాలు. ఓడ అదురుకి తట్టుకుంటుందా అని చూడాలంటే షాక్ ట్రయల్ ఉంది, 2021 లో ఫోర్డ్ అనే కొత్త నౌక పక్కన నీటిలో 40,000 పౌండ్ల పేలుళ్ళు మూడు చేసి చూశారు, ఓడ మునగలేదు, లోపలి యంత్రాల్లో ఏది వదులైందో తెలిసింది. కాబట్టి ముంచటం ఎప్పుడు సరి అంటే నా మాట ఇది: దేనికి జవాబు వెతుకుతున్నామో ముందే రాసిపెట్టుకుని, ఓడ నిండా కొలిచే పరికరాలు బిగించి, ఇంకే దారిలోనూ ఆ జవాబు దొరకదు అన్నప్పుడు. పెద్ద మంట, పెద్ద శబ్దం, విన్యాసాల ఆఖరి రోజు వీడియో, వీటి కోసమే అయితే వద్దు, బార్జిని కొట్టుకోండి.

తీరానికి దగ్గర్లో ముంచి చేపలకి దిబ్బగా వదిలెయ్యటం చూడటానికి సింకెక్స్ లాగే ఉంటుంది కానీ పూర్తిగా వేరే పని. అక్కడ ఓడ లోతులో మాయమైపోతుంది, ఇక్కడ మనుషులు ఈదుకుంటూ వెళ్ళి ముట్టుకునే లోతులో ఉంటుంది, కాబట్టి శుభ్రం చెయ్యటం ఇంకా గట్టిగా ఉండాలి. అమెరికాలో ఒరిస్కానీ అనే విమానవాహక నౌకని 2006 మే 17న ఫ్లోరిడాలో పెన్సకోలా దగ్గర 212 అడుగుల నీళ్ళలో ముంచారు, పేలుడు పదార్థం పెట్టాక 37 నిమిషాల్లో దిగిపోయింది. కానీ ఆ 37 నిమిషాల వెనక ఏళ్ళ తరబడి శుభ్రం చెయ్యటం, తుఫాన్లకి భయపడి అటూ ఇటూ లాక్కెళ్ళటం, మొత్తం ఖర్చు దాదాపు 2 కోట్ల డాలర్లు. దానికి బదులు డైవర్లు వచ్చారు, హోటళ్ళు నడిచాయి, చేపలు చేరాయి.

మన దగ్గర మహారాష్ట్ర వాళ్ళు ఈ దారి పట్టారు. ఐఎన్‌ఎస్ గుల్దార్ అనే, బలగాల్ని ఒడ్డున దించే ఓడ 2024 జనవరిలో డీకమిషన్ అయితే దాన్ని సింధుదుర్గ్ జిల్లాలో నివతి రాక్ దగ్గర నీటి కింద మ్యూజియం చేద్దామని తీసుకున్నారు. విశాఖకి కూడా అలాంటిది కావాలని ఎవరైనా అంటే నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఒకటి, మన వైపు నీళ్ళు ఏడాదిలో ఎన్ని నెలలు డైవర్‌కి కళ్ళెదుట ఓడ కనబడేంత తేటగా ఉంటాయి? రెండు, ఫిషింగ్ హార్బర్ వాళ్ళని, జాలారిపేట వాళ్ళని ముందు కూర్చోబెట్టి అడిగారా? చేపలు చేరే చోటు అంటే వాళ్ళకీ సంతోషమే, కానీ ట్రాలర్ వల ఆ ఇనుముకి తగులుకుంటే ఒక్క దెబ్బకి వేలకి వేలు పోతాయి. చోటు వాళ్ళు చూపించాలి, మ్యాపులో మనం గుండ్రం గీసి చెప్పకూడదు.

మ్యూజియం మాటకొస్తే మాకు కుర్సురా ఉంది. 1969 డిసెంబర్‌లో నేవీలో చేరి 2001 ఫిబ్రవరిలో రిటైరైన సబ్‌మెరైన్, 91 మీటర్ల పొడవు, దాన్ని సముద్రం నుంచి ఆర్కే బీచ్ ఇసక మీదకి లాగి కాంక్రీటు దిమ్మల మీద కూర్చోబెట్టి 2002 ఆగస్టులో తెరిచారు. నేను మొదటిసారి ఎక్కినప్పుడు గుర్తున్నది ఏంటంటే వాసన, పాత డీజిలూ కొత్త పెయింటూ కలిసిన వాసన, ఆ తర్వాత గుండ్రటి తలుపులు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే ముందు కాలు వేసి తర్వాత తల వంచి ఒళ్ళు దూర్చాలి, తల ముందు పెడితే నెత్తి బొప్పి కడుతుంది. ముందు వైపు టార్పెడో గొట్టాల పక్కనే మడత మంచాలు, అంటే టార్పెడోల పక్కన పడుకునేవాళ్ళు. అదే సబ్‌మెరైన్లలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన గైడుగా ఉండి, డెబ్భై అయిదు మందికి మరుగుదొడ్లు ఎన్నో చూపిస్తే మా చెల్లెలు నమ్మలేదు. ఇది ఏ సింకెక్సూ ఇవ్వలేదు, ఏ తుక్కు టెండరూ ఇవ్వలేదు.

మరి అన్నిటినీ ఇలాగే చేద్దామంటే కుదరదు. కుర్సురా ఎందుకు నిలబడిందో చూడండి: చిన్నది, ఒడ్డు మీద ఉంది, రోజూ జనం తిరిగే బీచ్ రోడ్డు మీద ఉంది. మా మావయ్య ఒకటే చెప్పేవాడు, ఓడకి నీళ్ళు శత్రువు కాదురా, నీళ్ళూ గాలీ కలిసే గీత ఉంది చూడు, అక్కడే తింటుంది తుప్పు అని. నీళ్ళలో తేలే మ్యూజియానికి ఆ గీత జీవితాంతం ఉంటుంది, కొన్నేళ్ళకోసారి డ్రైడాక్‌కి, అంటే నీళ్ళు తోడేసి ఓడని బాగుచేసే చోటికి, ఎక్కించి కింద గీకి ప్లేట్లు మార్చకపోతే లాభం లేదు. మన పాత విమానవాహక నౌక విక్రాంత్‌ని చూడండి. 1971 లో బంగాళాఖాతంలో దాని విమానాలే చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీదకి వెళ్ళాయి, అలాంటి ఓడ 1997 లో రిటైరై ముంబైలో మ్యూజియంగా ఉండి, భద్రం కాదని 2012 లో మూసేసి, 2014 లో 60 కోట్లకి అమ్మి కోసేశారు. కొంత ఉక్కు బైకుల్లోకి వెళ్ళింది, కొంత ముంబైలో లయన్ గేట్ దగ్గర స్మారకం అయింది. విరాట్‌కి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఆసక్తి చూపింది, మహారాష్ట్ర అయితే 2018 లో 852 కోట్ల ప్రాజెక్టుకి కేబినెట్‌లో ఓకే కూడా చెప్పింది, చివరికి ఏదీ కాలేదు, 2020 సెప్టెంబర్‌లో గుజరాత్‌లో ఓడలు కోసే అలంగ్ చేరింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి అన్నట్టు, టిక్కెట్ల మీద మాత్రమే ఆధారపడి అంత పెద్ద ఓడని ఎవరూ మోయలేరు.

డబ్బున్న దేశాల్లోనూ ఇదే గోల. టెక్సస్ అనే పాత యుద్ధనౌకలోకి నీళ్ళు కారుతుంటే ఏళ్ళ తరబడి పంపులు పెట్టి తోడారు, చివరికి 2022 లో గాల్వెస్టన్ డ్రైడాక్‌కి తీసుకెళ్ళటానికి అక్కడి ప్రభుత్వం 3.5 కోట్ల డాలర్లు ఇవ్వాల్సొచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బఫెలోలో ద సల్లివన్స్ అనే మ్యూజియం ఓడ, యుద్ధంలో ఒకే ఓడలో చనిపోయిన అయిదుగురు అన్నదమ్ముల పేరు పెట్టిన ఓడ, కట్టేసిన చోటే ఒరిగి సగం మునిగింది. నా సలహా సూటిగా చెప్తాను: సబ్‌మెరైన్, క్షిపణి బోటు, కార్వెట్ లాంటి చిన్నవాటిని ఒడ్డు మీదకి ఎక్కించగలిగితే మ్యూజియం అడగండి, కార్వార్‌లో చాపల్ అలాగే బీచ్‌లో నిలబడింది. డిస్ట్రాయర్, విమానవాహక నౌక నీళ్ళలోనే ఉంచాలంటే పదేళ్ళకోసారి డ్రైడాక్ ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద సంతకంతో చూపించాకే అడగండి.

తుక్కు అంటే మనవాళ్ళకి చిన్నచూపు కానీ ఎక్కువ ఓడలకి ఇదే సరైన దారి. ఉక్కు మళ్ళీ కరుగుతుంది, రాగి మళ్ళీ తీగ అవుతుంది, కార్మికులకి పని. చూడాల్సింది ఎక్కడ ఎలా కోస్తున్నారు అన్నదే. గ్యాస్ కటింగ్ చేసేవాడికి మాస్కు ఉందా, ఆస్బెస్టాస్ ముందు తీశారా, లోపల గ్యాస్ లేదని చూశాకే టార్చి వెలిగించారా. 2006 లో ఫ్రాన్స్ వాళ్ళ విమానవాహక నౌక క్లెమెన్సూ అలంగ్‌కి వస్తుంటే లోపలున్న ఆస్బెస్టాస్ మీద పెద్ద గొడవై వాళ్ళ అధ్యక్షుడు వెనక్కి పిలిపించుకున్నాడు, చివరికి ఇంగ్లండ్‌లో కోశారు. దాని చెల్లెలు లాంటి ఓడ, బ్రెజిల్‌కి అమ్మిన సావో పాలో గతి మరీ ఘోరం. 2022 లో టర్కీ యార్డుకి తీసుకెళ్తే ఆస్బెస్టాస్ కారణంగా టర్కీ రావద్దంది, తిరిగొస్తే బ్రెజిల్ రేవులూ వద్దన్నాయి, ముందు నుయ్యి వెనక గొయ్యి, నెలల తరబడి సముద్రంలో తిప్పి హల్ దెబ్బతిన్నాక 2023 ఫిబ్రవరి 3న 350 కిలోమీటర్ల దూరంలో 5,000 మీటర్ల లోతులో విషంతో సహా ముంచేశారు. ఏమీ నేర్చుకోలేదు, ఏమీ మిగల్లేదు. నిర్ణయం ఆలస్యం చేస్తే చివరికి ముంచటం ఒక్కటే మిగులుతుంది, అదీ చెత్తగా.

ఇంకో దేశానికి ఇచ్చెయ్యటం అన్న దారి కూడా ఉంది, 2023 లో ఐఎన్‌ఎస్ కృపాణ్ విశాఖ నుంచి బయల్దేరి వియత్నాం చేరింది, అక్కడ వాళ్ళ నేవీలో పనిచేస్తుంది. ఓడలో ఇంకా జీవం ఉంటే దీనికి మించింది లేదు, దీని గురించి పెద్ద వాదన అక్కర్లేదు.

సరే, ఇప్పుడు మీ ముందు ఒక ఓడ ఉంది, ఎలా తేలుస్తారు. నేనైతే మొదట డబ్బు చూడను, హల్ చూస్తాను. హల్ పల్చబడిపోయి టగ్ కట్టి లాగితే తట్టుకోదు అంటే లోతు సముద్రంలోకి లాగటం, దూరం రేవుకి లాగటం రెండూ ప్రమాదమే, దగ్గర్లో ఉన్న యార్డులో కోసెయ్యాలి, మిగతా ఆశలన్నీ పక్కన పెట్టాలి. హల్ బాగుంటే తర్వాత లోపలి విషం లెక్క. పాత తరం ఓడ, కేబుళ్ళ నిండా పీసీబీలు, గోడల నిండా ఆస్బెస్టాస్ అంటే దిబ్బ చెయ్యటం మీద ఆశ వదులుకోవటమే మంచిది, శుభ్రం చేసే ఖర్చు మనం పెట్టలేం. ఆ తర్వాత నేవీ వాళ్ళని అడగాల్సింది, దీని మీద తేల్చుకోవాల్సిన ప్రశ్న ఏమన్నా ఉందా అని. కొత్త క్షిపణో, కొత్త టార్పెడోనో, ఇదే రకం ఉక్కుతో కట్టబోయే కొత్త ఓడో ఉంటే ముంచటానికి ఇవ్వొచ్చు, బంగాళాఖాతం సగటు లోతే 2,600 మీటర్లు, చోటుకి కొదవ లేదు. కాకపోతే అమెరికా వాళ్ళు పెట్టుకున్న దూరం, లోతు, శుభ్రం రూల్స్‌కి తక్కువ కాకుండా మనవీ ఉండాలి, ఏమేం తీశారో జాబితా బయటపెట్టాలి, అది రహస్యం కానక్కర్లేదు. పరీక్ష ఫలితాలు రహస్యంగా ఉంచుకోండి, నీళ్ళలో ఏం వదిలారో మాత్రం చెప్పండి, ఆ నీళ్ళలోనే మావాళ్ళు వలలు వేస్తారు.

ఓడకి చరిత్ర ఉంది, సైజు చిన్నది, మోసే చెయ్యి ఉంది అంటేనే మ్యూజియం. ఈ మూడింట్లో ఒకటి తగ్గినా నేను వద్దనే అంటాను, విక్రాంత్ మీద అంత ప్రేమ ఉండి కూడా.

ఏ దారి పట్టినా ఓడ మొత్తం దక్కకపోయినా కొన్ని దక్కుతాయి, ఈ సంగతి చాలామంది అడగటం మర్చిపోతారు. ఓడ గంట, పేరు చెక్కిన పలక, లంగరు, స్టీరింగ్ చక్రం, ప్రొపెల్లర్, బ్రిడ్జి మీది కుర్చీ, వీటిని విప్పటానికి గట్టిగా రెండు వారాలు పడుతుంది. ఊళ్ళో ఒక పార్కులో లంగరు పెట్టి పక్కన ఆ ఓడలో చేసినవాళ్ళ పేర్లు రాస్తే పిల్లలు ఎక్కి ఆడుకుంటారు, రిటైరైన ముసలాయన మనవణ్ణి తీసుకొచ్చి చూపిస్తాడు. కాకపోతే ఓడ డీకమిషన్ తేదీ ప్రకటించిన వారంలోనే అర్జీ పెట్టాలి, టెండర్ పడ్డాక ఓడ కొన్నవాడిది. విరాట్ విషయంలో, దాన్ని కొయ్యకుండా మ్యూజియం చెయ్యాలని వేసిన కేసుని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసే నాటికే అలంగ్ ఇసకలో 40 శాతం కోసేసి ఉంది.